అనుమానం ఉంటే ప్యోని అడగండి

మా కంపెనీ పని ఇతరుల యంత్రాలను కనిపెట్టుకుని ఉండడం. ఎవరి ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంది, ఎవరి సర్వర్ ఎంత వేడెక్కింది, ఎవరి మోటారు ఎప్పుడు ఆగింది, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీల పేట పాంగ్యోలో ఒక గాజు భవనం ఆరో అంతస్తులో కూర్చుని చూస్తూ ఉంటాం. మా యంత్రాలను మాత్రం ఎవరూ చూడరు. మా వంటగదిలో కాఫీ మిషను నేను చేరినప్పటి నుంచీ చెడిపోయే ఉంది.

చూసే పని కూడా మనుషులకు ఎందుకని పోయిన ఏడాది మా తక్ డైరెక్టర్ గారు ఒక ఏఐ ఏజెంట్‌ను పెట్టించారు. దానికి కళ్ళు లేవు, చేతులు లేవు. ఉన్నవల్లా టూల్స్. గదుల చలి ఎంతో చదివే టూల్ ఒకటి, పాత అలారాలు వెతికే టూల్ ఒకటి, లారీని ఆపమని గిడ్డంగికి కబురు పెట్టే టూల్ ఒకటి, ఇలా చాలా. వీటిలో దేన్ని ఎప్పుడు వాడాలో ఏజెంట్‌కు తెలిసే దారి ఒక్కటే, ఒక్కో టూల్ కింద రాసి ఉన్న వివరణ. అది చదువుతుంది, నమ్ముతుంది, పనిలోకి దిగుతుంది. అంటే ప్రతి పొద్దునా కొత్తగా ఉద్యోగంలో చేరి, నిన్నటిదేదీ గుర్తులేని మనిషి లాంటిదన్నమాట.

ఆ వివరణలు రాయించి పోగుచెయ్యడానికి నన్ను తీసుకున్నారు, కాంట్రాక్టు మీద. నా పేరు గుక్ మ్యోంగ్‌హ్వా. అంతకుముందు కోచింగ్ సెంటర్లుండే నోర్యాంగ్‌జిన్‌లో ఉద్యోగాలకు అర్జీ పెట్టుకునేవాళ్ళ స్వపరిచయాలు దిద్దిపెట్టేదాన్ని. యంత్రాల గురించి నాకేమీ తెలియదని, మనుషులు తమ గురించి ఎలా కోతలు కోస్తారో మాత్రం బాగా తెలుసని ఇంటర్వ్యూలో చెప్పాను. తక్ గారు నవ్వారు. తరవాత తెలిసింది, వేరే ఎవరూ ఆ జీతానికి రాలేదట.

మొదటి వారం టీముల నుంచి వచ్చిన వివరణలు చదివి నేను కుర్చీలో వెనక్కి వాలాను. అన్నీ నాకు తెలిసినవే. మా దగ్గర ఉద్యోగం కావాలంటే చదువు కాగితాలతో పాటు స్వపరిచయం రాయాలి. అది ‘కఠినమైన నాన్నగారి క్రమశిక్షణలో, ఆప్యాయత గల అమ్మగారి ఒడిలో’ అని మొదలవుతుంది. చివర ‘మీ లోపాలు’ అని ఒక గడి ఉంటుంది. అందులో నిజంగా లోపం రాసినవాణ్ణి ఇన్నేళ్ళలో నేను చూడలేదు. ‘పని పూర్తయ్యేదాకా ఇంటికి వెళ్ళలేకపోవడం నా లోపం’ అంటారు. ‘ఎదుటివాళ్ళ బాధ్యత కూడా నెత్తిన వేసుకుంటాను’ అంటారు. అది అబద్ధమని రాసినవాడికి తెలుసు, చదివేవాడికి తెలుసు, కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

మావాళ్ళు టూల్స్‌కు కూడా అవే రాశారు. పైగా ఏజెంట్ ఏ టూల్‌ను ఎన్నిసార్లు వాడితే ఆ టీముకు ఏడాది చివర అన్ని మార్కులని తక్ గారు ఒక మాట అని ఊరుకున్నారు. ఇంకేముంది, ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకోవడం మొదలైంది. అందరికంటే పెద్ద డప్పు బ్యన్ సంగ్‌ఉక్ గారిది. ఆయన టూల్ పేరు ‘సమగ్ర స్థిరత్వ సూచిక’. దాని కింద ఇలా ఉంది: ‘విశేష అనుభవం గల బృందం చేతుల్లో పెరిగిన ఈ టూల్ ఎటువంటి పరిస్థితిలోనైనా బాధ్యతగా ముందుకు వస్తుంది. ఏ ప్రశ్నకైనా మొదట దీన్నే సంప్రదించవచ్చు. లోపం: నిలకడ మరీ ఎక్కువ.’

“బ్యన్ గారూ, ఇది ఏం చేస్తుందండీ?” అని అడిగాను.

“అన్నీ చేస్తుంది.”

“అన్నీ అంటే?”

ఆయన ఐసు కాఫీ స్ట్రా నోట్లోంచి తీశారు. బయట మంచు పడుతున్నా మావాళ్ళు తాగేది ఐసు కాఫీయే. “అన్ని గదుల సగటు తీస్తుంది,” అన్నారు.

“మరి ఆ మాటే రాయొచ్చుగా?”

“సగటు తీస్తాను అంటే దాన్ని ఎవరు పిలుస్తారమ్మా? మీరు మీ అర్జీలో ‘కూర్చుంటాను, టైపు చేస్తాను’ అని రాశారా?”

రాయలేదు. ‘భాషకూ సాంకేతికతకూ మధ్య వారధిని’ అని రాశాను. నా సీటుకు వచ్చేశాను.

ఇందరిలో డప్పు కొట్టని మనిషి ఒక్కరే, ప్యో గిహ్వాన్ గారు. కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉన్నారు. మా పెద్ద ఖాతాదారు జిల్లాలోని బళ్ళకు మధ్యాహ్న భోజనాల సరుకు పంపే శీతల గిడ్డంగులు. ఆ గదుల్లో ఉన్న సెన్సర్లు ఏమంటున్నాయో చదివే టూల్ ఈయనది. దాని కింద రెండే ముక్కలు: ‘గదుల రీడింగులు. అనుమానం ఉంటే ప్యోని అడగండి.’ పక్కన ఆయన ఫోన్ నంబరు.

“ఎలాంటి అనుమానాలు వస్తాయి సన్‌బే?” అని అడిగాను. పనిలో ముందున్నవాళ్ళను మేం అలాగే పిలుస్తాం.

“వచ్చినప్పుడు చెప్తాగా.”

“ఏజెంట్‌కు ముందే తెలియాలి కదా.”

“నన్ను అడుగుతుంది. నేను చెప్తాను. ఇందులో కష్టమేముంది రచయిత్రిగారూ?” నన్ను ఆయన అలాగే పిలిచేవారు. గౌరవమో వెటకారమో చాలాకాలం తేల్చుకోలేకపోయాను.

“అలా కాదు సన్‌బే, స్పష్టంగా ఉండాలి.”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “చూడండి. నాకు యాభై దాటాయి. పెద్దమ్మాయి ఇప్పుడే కాలేజీలో చేరింది, చిన్నది ఇంకా బళ్ళోనే ఉంది. ఈ వయసులో బయటికి పోతే నన్ను ఎవడు తీసుకుంటాడు? నాకు తెలిసిందంతా నేను రాసిచ్చేస్తే ఇక ఇక్కడ నేనెందుకు?”

“అలా ఎవరు తీసేస్తారండీ!”

“గిడ్డంగి గేట్లు చూసే టూల్ వివరణ చదివారా?”

“చదివాను. చాలా బావుంది. అన్నిటికంటే అదే బావుంది.”

“బావుంటుంది. రాసినవాడేడీ?”

ఆయన చూపించిన సీటు వైపు చూశాను. కుర్చీ లేదు. బల్ల మీద గాలికి తేమ పట్టించే బుడ్డి ఒకటి ఆవిరి వదులుతోంది.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆయన అన్నదాంట్లో తప్పు వెతకలేకపోయినందుకు. ఆ వివరణ మసగ్గా ఉన్నంతకాలం ఆయన కుర్చీ భద్రం. నేను దాన్ని శుభ్రం చేసిన రోజున దానితో పాటు ఆయన్ను కూడా తుడిచేసినట్టే. నా కాంట్రాక్టేమో అన్ని వివరణలూ శుభ్రం చేస్తేనే నిలుస్తుంది. తక్ గారు అడిగినప్పుడల్లా ‘ప్యో గారిది ఇంకా దిద్దుతున్నానండీ’ అంటూ నెట్టుకొచ్చాను. ఆయన్ను కలిసినప్పుడల్లా ‘ఎప్పుడు రాస్తారు సన్‌బే’ అని పీకుతూ వచ్చాను. ఇద్దరికీ నేనంటే విసుగు పుట్టింది.

ఏజెంట్ మాత్రం చెప్పిన మాట జవదాటేది కాదు. అనుమానం వస్తే ప్యోని అడగమన్నారు కదా, అడిగేది. క్యాంటీన్‌లో సోయా పులుసు ముందు కూర్చున్నప్పుడు ఫోను మోగేది. ఆయన చెంచా పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, “ఊఁ... ఆ గదిలో సరుకు దించుతున్నారు, తలుపు తీసి ఉంటుంది, కాసేపు చూడు,” అనేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు వినేలా అనేవారు. పెళ్ళింట్లో మేనమామకు ఉన్నంత హడావుడి. కొన్నిసార్లు నవ్వొచ్చేది, కొన్నిసార్లు ముచ్చటేసేది.

ఏడాది చివరికొచ్చింది. మా దగ్గర ఉద్యోగులందరికీ ఏటా ఆరోగ్య పరీక్ష తప్పనిసరి. దాన్ని డిసెంబరు దాకా వాయిదా వేసి, అప్పుడు దేశమంతా ఒకేసారి ఆసుపత్రుల మీద పడడం ఆచారం. ప్యో గారికి ఒక రోజు పొద్దున్నే కుదిరింది. కడుపులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, మత్తిచ్చి చేసేది. బట్టలతో పాటు ఫోను కూడా లాకర్లో పెట్టి తాళం వేయించారు. లోపలికి వెళ్ళేముందు నాకు ఒక మెసేజ్ పెట్టారు: ‘నిన్న రాత్రి నుంచి పస్తు. పంది పాదాల కూర కలలోకొచ్చింది.’

అదే పొద్దున ఒక గిడ్డంగివాళ్ళు రోజూలాగే ఏజెంట్‌ను అడిగారు, లారీలు బయల్దేరవచ్చా అని. అది గదుల రీడింగులు చదివింది. అన్నీ చల్లగానే ఉన్నాయి. కానీ ఒక గది తలుపు అలారం అంతకుముందు మోగినట్టు ఇంకో టూల్ చెప్పింది. తలుపు తెరుచుకున్న గది ఇంత చల్లగా ఎలా ఉంది? దానికి అనుమానం వచ్చింది. రావలసిందే. నేను దాన్ని తప్పుపట్టను, ఆ పూట మా అందరిలోకీ సరిగ్గా ఆలోచించింది అదొక్కటే. ప్యో గారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎత్తలేదు. అవతల లారీల వాళ్ళు తొందరపెడుతున్నారు. ఇక ఎవరిని అడగాలా అని మిగతా వివరణలు చూసింది. ‘ఏ ప్రశ్నకైనా మొదట దీన్నే సంప్రదించవచ్చు’ అని ఒకటి కనిపించింది.

ఆ రోజు అది రాసిపెట్టుకున్నది తరవాత నేను చదివాను. ‘ప్యో గిహ్వాన్ గారు అందుబాటులో లేరు. సమగ్ర స్థిరత్వ సూచికను సంప్రదించాను. ఫలితం: స్థిరంగా ఉంది. ఈ టూల్‌కున్న లోపం నిలకడ ఎక్కువ కావడమే గనుక ఫలితాన్ని నమ్మవచ్చు. లారీలు బయల్దేరవచ్చు.’

బయల్దేరాయి.

ఆ రోజు బళ్ళలో డోంకాస్, అంటే పొడి అద్ది నూనెలో వేయించే పంది మాంసం ముక్క. నెల మొదట్లోనే పిల్లలు భోజనాల పట్టికలో దాని చుట్టూ సున్నా చుట్టుకుని పెట్టుకునే వంటకం. సరుకు దిగగానే ఒక బళ్ళో పోషకాహారం టీచరు రోజూలాగే ముక్కలో థర్మామీటర్ గుచ్చింది. గడ్డకట్టి ఉండాల్సిందాన్ని గుచ్చడానికి బలం అక్కర్లేకపోయింది. ఆమె గిడ్డంగికి ఫోన్ చేసింది, గిడ్డంగి మిగతా బళ్ళన్నిటికీ చేసింది. ఒక కిండర్‌గార్టెన్‌లో అప్పటికే నూనె కాగుతోంది. మొదటి ముక్క వంటామె చేతిలో ఉందట. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు అన్నం, ఎండు సముద్రపు నాచు, గుడ్డు తిన్నారు. పెద్ద క్లాసుల పిల్లలు ఇంటర్నెట్‌లో మా గురించి ఏమన్నారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మధ్యాహ్నం మీటింగు. తక్ గారు నిలబడే ఉన్నారు.

“బ్యన్ గారూ, మీ టూల్ స్థిరంగా ఉందని ఎలా చెప్పింది?”

“అన్ని గదుల సగటు స్థిరంగానే ఉంది సార్. చెడింది ఒక్క గదేగా. సగటులో తప్పేమీ లేదు.”

నిజమే, సగటులో ఏ తప్పూ లేదు. తక్ గారు కాసేపు ఆయన్ను చూసి, అక్కడేమీ దొరకదని అర్థమై ఇటు తిరిగారు. ప్యో గారు ఆసుపత్రి నుంచి సరాసరి వచ్చి కూర్చున్నారు, మొహం పాలిపోయి ఉంది.

“ప్యో గారూ, ఫోన్ ఎందుకు ఎత్తలేదు?”

“కడుపులో కెమెరా ఉంది సార్.”

“ఒక్క మాట చెప్పడానికి కూడా కుదర్లేదా?”

“అది నోట్లోంచే వెళ్తుంది సార్.”

వారంలోగా అన్ని వివరణలూ సరిగ్గా ఉండాలని, లేకపోతే తానేం చేస్తారో తనకే తెలియదని తక్ గారు అన్నారు. అందరూ నా వైపు చూశారు. పెద్దలందరూ కలిసి చేసిన తప్పు చివరికి కాంట్రాక్టు మనిషి బల్ల మీద వాలుతుందని నాకు ముందే తెలుసు.

మీటింగు అయ్యాక ప్యో గారు, “జావ తాగుదాం, రండి,” అన్నారు. పరీక్ష చేయించుకున్న రోజు గట్టిది ఏమీ తినకూడదు. స్టేషను దగ్గర జావ దుకాణంలో ఆయన నత్త జావ చెప్పారు. నేను గుమ్మడి జావ చెప్పాను. ఆయన చెంచాతో జావ తీసి ఊదుకున్నారు.

“ఆ గది రీడింగులు ఇప్పుడు చూశాను,” అన్నారు. “చూడగానే తెలిసిపోయింది.”

“ఏం తెలిసింది?”

“రాత్రంతా ఒకే అంకె. మైనస్ పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది. బతికున్న గది అలా ఉండదు. మోటారు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది, ఎవడో తలుపు తీస్తాడు, అంకె కాస్త ఎక్కుతుంది, కాస్త దిగుతుంది. అస్సలు కదలకుండా ఉందంటే సెన్సర్‌కు మంచు పట్టి మూగబోయిందన్నమాట. సెన్సర్‌కూ మనకూ మధ్యలో ఉన్న పెట్టె మాత్రం చివరిసారి విన్న అంకెనే మళ్ళీ మళ్ళీ పంపుతుంటుంది. పైనుంచి చూసేవాడికి భలే నిలకడగా కనిపిస్తుంది.”

“ఇంతేనా?” అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

“ఇంతే. ఇంకో నాలుగైదు ఉన్నాయి. అవీ ఇలాంటివే.” ఆయన జావ కలిపారు. “మత్తిచ్చినప్పుడు కల కూడా రాదు, తెలుసా? లెక్కపెట్టమంటారు, మొదలుపెడతాం, అంతే. లేచేసరికి నర్సు ‘బాగా నిద్రపోయారు’ అంది. లాకర్ తీస్తే ఫోను నిండా దాని కాల్సే. పాపం, మళ్ళీ మళ్ళీ చేసింది. ఆ కాసేపట్లో అక్కడ కిండర్‌గార్టెన్‌లో నూనె కాగింది.”

అప్పటిదాకా నన్ను ‘మీరు’ అనే మనిషి.

“రాసుకో,” అన్నారు.

ఎన్ని నెలలుగా ఆయన్ను ఈ మాట కోసం పీకానో! తీరా ఆయన అన్నాక నేను చెంచా కింద పెట్టేశాను. “వద్దు సన్‌బే,” అన్నాను. “ఇంకేదైనా చేద్దాం. రెండో ఫోన్ నంబరు పెడదాం. మీరు లేనప్పుడు ఎవరో ఒకరు...”

“ఎవరో ఒకరికి ఏం తెలుసని?”

“మీరు వాళ్ళకు చెప్పండి.”

“చెప్తే అదీ రాసినట్టే కదా. గుండు చేయించుకుంటూ జుట్టు మీద బెంగెందుకు? రాసుకో.”

“రాస్తే మిమ్మల్ని పంపేస్తారు.”

“తెలుసు. నాకు తెలియకనా ఇన్నాళ్ళూ రాయంది? నువ్వు నాకంటే తెలివైనదానివని అనుకోకు.” కసురుకున్నారు కానీ కళ్ళెత్తి చూడలేదు. “ఆ పిల్లల్లో ఒక్కడు ఆ ముక్క తిని ఉంటే? ఆ ఉద్యోగం పట్టుకుని నేనేం చేసుకుంటాను?”

మర్నాటి నుంచి మేమిద్దరం చిన్న మీటింగు గదిలో కూర్చున్నాం. త్యాగం చేస్తున్న మనిషి సులువుగా ఉంటాడనుకుంటే పొరపాటు. ప్యో గారితో వేగడం నా వల్ల కాలేదు. ఆయనకు ఆ టూల్ గురించి చెప్పాల్సిన దానికంటే కంపెనీ గురించి చెప్పాల్సినవి ఎక్కువ.

“‘ఈ సెన్సర్లు నాసిరకం. మంచివి కొనమని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు’, రాయి.”

“అది ఏజెంట్‌కు ఎందుకు సన్‌బే?”

“తెలియాలిగా దానికి కూడా!”

“తెలిసి అదేం చేస్తుంది? సెన్సర్లు కొంటుందా?”

“సరే, కొట్టెయ్. ‘సాధారణంగా సరైన ఫలితమే ఇస్తుంది’, అదన్నా రాయి.”

“సాధారణంగా అంటే ఎప్పుడు?”

ఆయన నన్ను గుర్రుగా చూశారు. నేనూ వెనక్కి తగ్గలేదు. స్వపరిచయాలు దిద్దినన్నాళ్ళూ అబద్ధాలకు ఇస్త్రీ చేశాను. ఇప్పుడు జీవితంలో మొదటిసారి నిజానికి ముడతలు తీస్తున్నాను, అదే ఎక్కువ కష్టంగా ఉంది. బళ్ళో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాను. ఇవాళే చేరినవాడు, మన గిడ్డంగి మొహం చూడనివాడు, రేపటికి అన్నీ మర్చిపోయేవాడు, వాడికి ఏం చెప్తారు? వాడు ఏ తప్పు చేస్తాడని మీ భయం? ఏం చూసి మోసపోతాడు? మోసపోకుండా ఏం చెయ్యాలి? చేతకానప్పుడు ఎవరికి చెప్పాలి? కొట్టేసి, కలిపి, మళ్ళీ కొట్టేసి, చివరికి ఇది మిగిలింది:

‘శీతల గదిలోని సెన్సర్ చివరిసారి పంపిన అంకెను ఇస్తుంది. గది ఇప్పుడు చల్లగా ఉందని దీని అర్థం కాదు. పనిచేస్తున్న గదిలో అంకె కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. అరగంటగా ఒకే అంకె ఉంటే సెన్సర్ ఆగిపోయిందని అనుకోవాలి, గది బాగుందని అనుకోకూడదు. అప్పుడు లారీని ఆపి, గిడ్డంగిలోని మనిషిని లోపలికి వెళ్ళి చేత్తో కొలిచి చెప్పమని అడగాలి. జవాబు రాకపోతే లారీని వదలకూడదు. తేల్చలేకపోతే తేల్చలేనని చెప్పాలి.’

ప్యో గారు దాన్ని పైకి చదివారు. “నా ఫోన్ నంబరు ఏదీ?”

“ఎక్కడ పెట్టమంటారు?”

ఆయన మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఎక్కడా చోటు కనిపించలేదు. గిడ్డంగి మనిషి కొలుస్తాడు, లారీ ఆగుతుంది, అన్నిటికీ దారి ఉంది. “బాగా వచ్చింది,” అన్నారు, తన చెయ్యి తానే కొరుక్కున్నవాడి మొహంతో.

మిగతా టీముల దగ్గరికి ఒకే ప్రశ్నతో వెళ్ళాను: మీ టూల్‌కు చేతకానిది ఏమిటి? జనం దీనికి ఎంత గింజుకున్నారో చెప్పలేను. బ్యన్ గారు రెండు రోజులు కనిపించకుండా తిరిగారు. చివరికి ‘అన్ని గదుల సగటు ఇస్తుంది. ఏ ఒక్క గది సంగతీ చెప్పలేదు. లారీలను పంపాలా వద్దా అన్నదానికి దీన్ని వాడవద్దు’ అన్నదానికి మొహం మాడ్చుకుని సరేనన్నారు. ఆ నెల నుంచి ఆయన టూల్‌ను ఏజెంట్ దాదాపు ముట్టుకోలేదు. ఆయన్ను కొత్త ఏడాదిలో ‘ఏజెంట్ వ్యూహాల’ విభాగానికి పెద్దను చేశారు.

ప్యో గారి ఫోను మోగడం మానేసింది. ఒకేసారి కాదు, రోజురోజుకూ తగ్గి. క్యాంటీన్‌లో ఆయన ఇప్పటికీ దాన్ని పళ్ళెం పక్కన బోర్లించకుండా పెట్టుకునేవారు. పులుసు తాగుతూ మధ్యమధ్య దానివైపు చూసేవారు. ఒకసారి మోగింది. చెంచా పక్కన పెట్టి గొంతు సవరించుకున్నారు. ఎవరో బీమా అమ్మేవాళ్ళు.

కొత్త సంవత్సరం పండగ వెళ్ళాక తక్ గారు ఆయన్ను లోపలికి పిలిచారు. మా దగ్గర దాన్ని ‘ఇష్టపూర్వక విరమణ’ అంటారు. ఎవరి ఇష్టమో చెప్పరు. ఆ సంగతి తెలిసి నేను తలుపు కూడా తట్టకుండా తక్ గారి గదిలోకి వెళ్ళాను.

“సార్, ఆ వాక్యాలు ఆయనవి. ఆయన నోటితో చెప్పినవి. నేను ఉత్తినే రాసిపెట్టినదాన్ని.”

“తెలుసు గుక్ గారూ. అద్భుతంగా వచ్చాయి. ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంకా ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టడం ఆయనకే అవమానం కదా?” తక్ గారు చెడ్డవాడు కాదు. నిజంగానే అలా అనుకుంటున్నారు, అదే నా కడుపు మండించింది. “అన్నట్టు, మీ కాంట్రాక్టు పొడిగిస్తున్నాం. మీకు అభినందనలు.”

వద్దని నోటిదాకా వచ్చింది. నోటిదాకే వచ్చింది.

వెళ్ళేవాళ్ళు పని అప్పగించి వెళ్ళాలి కాబట్టి అప్పగింతకు ఒక పూట కేటాయించారు. ఎవరికి అప్పగించాలో ఎవరికీ తెలియలేదు. తక్ గారు, నేను, హెచ్‌ఆర్ అనే మనుషుల విభాగం నుంచి ఒకామె కూర్చున్నాం. ప్యో గారు తెర మీద ఆ వివరణ తెరిచి, “ఇదేనండీ,” అన్నారు.

తక్ గారు చదివారు. “ఇంతేనా ప్యో గారూ? ఇన్నేళ్ళ పనీ ఇంతేనా?” వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగారు.

“ఇంతే సార్.”

మనుషుల విభాగం ఆమె గడియారం చూసుకుని, తొందరగా అయిపోయిందని సంతోషపడింది.

చివరి రోజున ప్యో గారు బల్ల కింది చెప్పులు, పళ్ళు తోముకునే బ్రష్షు, మోకాళ్ళ మీద కప్పుకోవడానికి భార్య అల్లిన శాలువా ఒక అట్టపెట్టెలో సర్దుకున్నారు. అందరూ లేచి వంగి నమస్కారాలు చేశారు, తప్పకుండా ఒకసారి భోజనానికి కలుద్దామన్నారు, కూర్చున్నారు. నేను పెట్టె పట్టుకుని బయటి తలుపు దాకా వెళ్ళాను. అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారి చప్పుడు చేశాయి. ఆఫీసు గ్రూపులో ఏజెంట్ మెసేజ్.

‘ఒక గదిలో అరగంటగా అంకె మారలేదు. గది బాగుందో లేదో నేను తేల్చలేను. లారీని ఆపాను. లోపలికి వెళ్ళి కొలిచి చెప్పమని గిడ్డంగిని అడిగాను.’

లోపల ఎవరూ తలెత్తలేదు. అలాంటివి ఇప్పుడు వస్తూనే ఉంటాయి, అది చూసుకుంటూనే ఉంటుంది.

“టాక్సీ వచ్చింది సన్‌బే,” అన్నాను.

“ఉండు.”

గోడకు ఆనుకుని ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. కింద టాక్సీ అతను హారన్ కొట్టాడు. ఈయన కదల్లేదు. నేను పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. కాసేపటికి గిడ్డంగి నుంచి జవాబు వచ్చింది: ‘వెళ్ళి చూశాం. చికెన్ అంతా మెత్తబడిపోయింది. లారీ గేటు దాటలేదు. పక్క గదిలోంచి వేరే సరుకు ఎక్కిస్తున్నాం.’

ఆయన అది చదివారు. మళ్ళీ చదివారు. “పట్టుకుంది,” అన్నారు. “చూశావా? పట్టుకుంది!” పిల్లది పరీక్ష పాసైన తండ్రి మొహం ఎలా ఉంటుందో ఆయన మొహం అలా ఉంది. ఇంకాస్త గట్టిగా అంటే లోపలివాళ్ళకు వినబడుతుందేమో అన్నట్టు తలుపు వైపు ఒకసారి చూశారు కూడా. నాకు కోపం వస్తే ఏడుపొస్తుంది. ఏడుస్తూ నిలబడ్డాను, పెట్టె పట్టుకుని ఉన్నందువల్ల కళ్ళు తుడుచుకోవడం కుదర్లేదు.

“ఊరుకో రచయిత్రీ, బాగా రాశాం,” అని ఆయన పెట్టె నా చేతుల్లోంచి తీసుకున్నారు. ఫోను జేబులో పెట్టుకునే ముందు దాని మీద ఒకసారి నొక్కారు.

గ్రూపులో, గిడ్డంగివాళ్ళ జవాబు కింద, ఒక సన్నటి బూడిదరంగు వరస వచ్చింది: ‘ప్యో గిహ్వాన్ గారు వెళ్ళిపోయారు.’ ఆ వెంటనే దాని కింద బ్యన్ గారు, లారీ ఆపిన ఏజెంట్‌ను మెచ్చుకుంటూ, చప్పట్లు కొట్టే ఎలుగుబంటి బొమ్మ పెట్టారు.